జ్వరం విడిచిన నాటి కడుపునొప్పి – పిల్లలలో డెంగీ వ్యాధి

వానకాలం ముగిసే రోజులలో, అంటే సెప్టెంబరు మొదలు నవంబరు వరకు, మన ఎర్రగుంట్ల ఇళ్ళలో తరచుగా వినవచ్చే మాట ఒకటి ఉన్నది: “జ్వరం విడిచింది, ఇంక భయం లేదు.” నాలుగు దినాలు పెనం వలె కాలిన బిడ్డ నుదురు ఐదవ దినం ఉదయం చల్లగా తగులుతుంది. తల్లి ఊపిరి పీల్చుకొంటుంది. తండ్రి నాపరాళ్ళ పనికో, సిమెంటు కర్మాగారానికో బయలుదేరి పోతాడు. మధ్యాహ్నానికి బిడ్డ పెట్టినది తినడు, రెండు మూడుమార్లు వాంతి చేసుకొంటాడు, మోకాళ్ళు కడుపులోనికి ముడుచుకొని మూల పడుకొంటాడు. జేజి వచ్చి దిష్టి తగిలిందని ఉప్పు మిరపకాయలు తీసి వేస్తుంది. ప్రక్క ఇంటి నానీ ‘నజర్’ అని దువా చదివి ఊదుతుంది. ఇద్దరి ప్రేమనూ శంకింపవలసిన పనిలేదు. కాని ఆ బిడ్డకు వచ్చినది డెంగీ జ్వరమైతే, ఆ కడుపునొప్పి ఆరంభమైన గడియనుండి కాలం ఎంతో విలువైనదవుతుంది. జ్వరం తగ్గుట రోగం తగ్గుట కాదు. అపాయమైన భాగం అప్పుడే మొదలు కావచ్చును. ఈ ఒక్క సంగతి తెలియకపోవుట వలన ప్రతి యేట కొన్ని ఇళ్ళలో దీపాలు ఆరిపోతున్నవి. అందుచేత దీనిని కొంత వివరంగా చెప్పుకొనుట అవసరం.

డెంగీ కొత్త రోగమేమీ కాదు. 1780వ సంవత్సరంలో మదరాసులో ఇటువంటి జ్వరం ప్రబలినట్లు వైద్య చరిత్రలు చెబుతున్నవి. అదే యేట అమెరికాలోని ఫిలడెల్ఫియాలో బెంజమిన్ రష్ అనే వైద్యుడు దీనిని ‘ఎముకలు విరిచే జ్వరం’ అని వర్ణించినాడు. ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో ‘హడ్డీ తోడ్ బుఖార్’ అనే మాట ఉన్నది. ఎంత దూరపు మనుషులైనా ఒకే బాధకు ఒకే పేరు పెట్టుట చూడగా ఆశ్చర్యం కలుగుతుంది. దీనికి కారణమైన వైరస్‌ను 1943లో జపాను శాస్త్రజ్ఞులు కిమురా, హోత్తా అనువారు వేరుచేసినారు. అంతవరకు ఇది ఒళ్ళునొప్పులు పెట్టి, వారం దినాలు మంచాన పడవేసి, ప్రాణానికి ముప్పు తేకుండా వెళ్ళిపోయే జ్వరమనే ఎక్కువమంది భావన. ఆ భావన 1953-54లో ఫిలిప్పైన్సు రాజధాని మనీలాలోను, 1958లో బ్యాంకాకులోను మారిపోయినది. అక్కడ పసిపిల్లలు జ్వరం తగ్గే సమయంలో కడుపునొప్పితో, రక్తస్రావంతో, చల్లబడిన చేతులతో ఆసుపత్రులకు వచ్చి గంటలలో కన్నుమూసినారు. మన దేశంలో ఇటువంటి రక్తస్రావ జ్వరం మొదట పెద్దయెత్తున కలకత్తాలో 1963లో కనిపించినది. మరుసటి యేట, 1964లో, మన విశాఖపట్టణంలోనే డెంగీ వంటి జ్వరం వ్యాపించగా అక్కడి వైద్యులు దానిని పరిశీలించి ప్రకటించినారు. తెలుగునేలకు ఈ రోగంతో పరిచయం అరువది సంవత్సరాలకు పైబడినదన్నమాట. 1996లో ఢిల్లీలో 10,252 మంది ఆసుపత్రుల పాలు కాగా 423 మంది చనిపోయినారు. దేశం మొత్తం డెంగీ పేరు తెలుసుకొన్నది ఆ సంవత్సరమే.

వైరస్ ఒక్కటి కాదు. ఒకే కుటుంబానికి చెందిన నాలుగు రకాలు. ఒక రకం వచ్చి తగ్గితే ఆ రకం మరల రాదు, మిగిలిన మూడింటి నుండి మాత్రం శాశ్వత రక్షణ లేదు. పైగా రెండవమారు మరొక రకం సోకినప్పుడు, మొదటి జ్వరం నాడు తయారైన ప్రతిరక్షకాలే కొత్త వైరస్‌ను కణాలలోనికి చేరవేసే వాహనాలుగా ఉపయోగపడి రోగాన్ని ముదురజేయగలవు. బ్యాంకాకులో పనిచేసిన హాల్‌స్టెడ్ అనే అమెరికను శాస్త్రజ్ఞుడు ఈ విషయాన్ని ప్రతిపాదించినాడు. ఇంటి కాపలాకు పెట్టిన మనిషే దొంగకు తలుపు తీసినట్లు! ఈ కారణంగానే “మా వానికి పోయిన యేడే డెంగీ వచ్చిపోయినది, ఇంక రాదు” అనే ధీమా పనికిరాదు. తల్లి నుండి సంక్రమించిన ప్రతిరక్షకాలు క్షీణిస్తున్న ఆరు మాసాల నుండి యేడాదిలోపు శిశువులలో మొదటి జ్వరమే తీవ్రం కావచ్చును.

ఇంతకు ఈ వైరస్ పిల్లవాని కడుపులో ఏమి చేస్తుంది?

మన రక్తనాళాలలో అతి సన్ననివి కేశనాళికలు. వాటి లోపలి గోడకు పలుచని పూతవంటి పొర ఒకటి ఉంటుంది. రక్తకణాలను, మాంసకృత్తులను లోపల నిలిపి, అవసరమైన మేరకే నీటిని బయటకు వదలుట దాని పని. డెంగీలో వైరస్ విడుదలచేసే ఎన్.ఎస్.1 అనే మాంసకృత్తు, శరీరమే ఆ వైరస్‌పై పోరాడుతూ వెదజల్లే రసాయనాలు కలిసి ఈ పొరను దెబ్బతీస్తవి. అప్పుడు నాళాల గోడ కొత్త కుండవలె చెమర్చుట మొదలుపెడుతుంది. ఎర్రకణాలు లోపలనే ఉంటవి. వాటిని మోసుకొనిపోయే పసుపుపచ్చని ద్రవం, అంటే ప్లాస్మా, బయటకు ఊరుతుంది. నెత్తురు ఎక్కడా కారదు, గాయం కనిపించదు, అయినను రక్తనాళాలు లోలోపల ఎండిపోతవి. ఊరిన ద్రవం చేరుటకు శరీరంలో రెండే పెద్ద ఖాళీలు ఉన్నవి. ఒకటి ఊపిరితిత్తుల చుట్టూ ఉండే ఖాళీ, రెండవది ఉదరకుహరం. పిల్లలలో ఈ ఊట పెద్దలకంటె వేగంగా, ఎక్కువగా జరుగుతుంది.

దీనిని కొలుచుటకు సులభమైన పరీక్ష ఉన్నది. రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగాన్ని హిమాటోక్రిట్ అంటారు. ప్లాస్మా తగ్గిన కొలది నీరు ఇగిరిన గంజి చిక్కబడినట్లు రక్తం చిక్కబడుతుంది. మామూలుగా 35 ఉండవలసిన బిడ్డకు అది 42కు చేరినదంటే నూటికి ఇరువది వంతులు పెరిగినదని, గణనీయమైన ఊట జరిగినదని అర్థం. మన ఇండ్లలో అందరి కన్నూ రక్తఫలకికల సంఖ్యమీదనే ఉంటుంది. ‘ప్లేట్‌లెట్లు ఎంత’ అనే ప్రశ్న లేనిదే పరామర్శ పూర్తికాదు. కాని వైద్యుడు ఆత్రంగా చూసేది ఆ రెండు అంకెలనూ కలిపి. ప్లేట్‌లెట్లు దిగుతుండగా హిమాటోక్రిట్ ఎక్కుతున్నదా అనేదే అసలు ప్రశ్న.

ఊట మొదలయ్యే సమయం సాధారణంగా జ్వరం వచ్చిన మూడవ దినానికీ ఏడవ దినానికీ మధ్య, జ్వరం దిగే వేళ. అది 24 నుండి 48 గంటలు సాగి దానంతట అదే ఆగిపోతుంది. ఆ రెండు దినాలు రక్తనాళాలను ఎండిపోనీయకుండా కాపాడగలిగితే బిడ్డ బతికినట్లే. వైద్యమంతా ఈ 48 గంటల చుట్టూ తిరుగుతుంది.

ఇక ఉదరంలోని అవయవాల వంతు. మొట్టమొదట బాధపడేది కాలేయం. వైరస్ కాలేయ కణాలలో చేరుతుంది, అవయవం ఉబ్బుతుంది. కాలేయాన్ని కప్పి ఉంచే పొర సాగదు, అందుచేత ఉబ్బిన కాలేయం దానిని బిగలాగుతుంది. కుడివైపు డొక్కల క్రింద, లేక రొమ్ము ఎముక క్రింద, బిడ్డ ‘ఇక్కడ’ అని చేయిపెట్టి చూపే నొప్పి చాలవరకు ఇదే. డొక్క అంచుకు రెండు సెంటీమీటర్లకు మించి కాలేయం చేతికి తగిలినదంటే వైద్యులు దానిని హెచ్చరిక చిహ్నంగా లెక్కిస్తారు. ఎక్కువమంది పిల్లలలో కాలేయం వారం పదిదినాలలో కోలుకొంటుంది. కొద్దిమందిలో, ముఖ్యంగా షాక్ ఎక్కువసేపు కొనసాగిన వారిలో, కాలేయం పూర్తిగా చతికిలబడుతుంది. కామెర్లు, మగత, మతిభ్రమణం, ఆగని రక్తస్రావం కనిపిస్తవి. మంచి ఉద్దేశంతో గంటగంటకు పోసే పారాసిటమాల్ కూడ ఈ నష్టానికి తోడుకాగలదు. ఆ సంగతి మరల చెప్పుకొందాం.

కాలేయం క్రింద వ్రేలాడే చిన్న సంచి పిత్తాశయం. దీని గోడ మామూలుగా మూడు మిల్లీమీటర్లకు మించదు. డెంగీలో ప్లాస్మా ఆ గోడలోనికి ఊరి ఐదు మిల్లీమీటర్లు, ఒక్కొక్కప్పుడు అంతకంటె ఎక్కువ మందం అవుతుంది. స్కానింగులో తేనెపట్టువలె పొరలు పొరలుగా కనిపిస్తుంది. అనుభవం లేని కన్నుకు అది పిత్తాశయం చీముపట్టినట్లే తోస్తుంది. కాని ఇక్కడ రాళ్ళు లేవు, చీము లేదు, చేయవలసిన శస్త్రచికిత్సా లేదు. ఊట ఆగిన కొద్ది దినాలకు గోడ తిరిగి పలుచబడుతుంది. రక్తపోటు పడిపోకముందే స్కానింగులో కనిపించే తొలి జాడలలో ఇది ఒకటి కాబట్టి, తెలిసిన వైద్యునికి ఇది శత్రువు కాదు, ముందుగా కబురు తెచ్చే వేగు.

ఉదరకుహరంలో చేరిన నీరు పొట్టను ఉబ్బిస్తుంది. బిడ్డ లాగు బిగువైనదని తల్లియే మొదట గుర్తించవచ్చును. ప్రేగుల గోడలు కూడ నీరుపట్టి మందగిస్తవి. అందుకే ఆకలి లేకపోవుట, ఆగని వాంతులు. ప్రేగుల మడతలలోని శోషరస గ్రంథులు వాచి నాభి చుట్టూ, కుడివైపు క్రిందిభాగాన నొప్పి పుట్టిస్తవి. క్లోమం వాచుట అరుదు, కాని అది వాచినప్పుడు నొప్పి వీపులోనికి దూసుకొనిపోతుంది. జీర్ణాశయపు లోపలి పొర పుండ్లుపడి రక్తం ఊరితే కాఫీపొడి వంటి వాంతి, తారువంటి నల్లని విరేచనం అవుతవి. ఈ సందర్భంలో ఒక చిన్న విషయం. రక్తం పడుతుందని బీటురూటు రసం, దానిమ్మ రసం పిల్లలకు త్రాగించుట మనవాళ్ళకు అలవాటు. ఆ ఎరుపు వాంతిలో కలిసినప్పుడు అది రక్తమా, రసమా అని తేల్చలేక వైద్యుడు తికమకపడవలసి వస్తుంది. ఆ నాలుగు దినాలు ఎర్రని, నల్లని పానీయాలు మానుకొనుట మేలు.

ఇప్పుడు ఒక బాలుని ఊహించుకొందాం. ఎనిమిదేండ్లవాడు, ఇరువది కిలోల బరువు. తండ్రి నాపరాళ్ళ పాలిష్ యంత్రం వద్ద పనిచేస్తాడు. మంగళవారం జ్వరం వచ్చినది. వీధిచివర వైద్యుడు సూదిమందు వేసినాడు. జ్వరం తగ్గినది, సాయంత్రం మరల వచ్చినది, మరొక సూది. శనివారం ఉదయం ఒళ్ళు చల్లబడినది. మధ్యాహ్నానికి కుడివైపు కడుపునొప్పి, వాంతులు. తండ్రి వానిని ఎత్తుకొని పట్టణానికి పోతాడు. కడుపు నొక్కితే బిడ్డ కేకవేస్తాడు. ‘అపెండిసైటిస్, ఈ రాత్రికే కోయవలెను’ అనే మాట వినబడుతుంది. ఆ తండ్రికి చేతులు జోడించుట తప్ప మరేమి తెలుసును? అప్పుచేసి డబ్బు కట్టుటకు పరుగెత్తుతాడు.

ఈ బాలుడు ఊహాకల్పితుడే గాని, ఈ పొరపాటు కల్పితం కాదు. 2002లో తైవానులోని కావ్‌షుంగ్ నగరంలో డెంగీ వ్యాపించినప్పుడు కొందరు రోగులు అపెండిసైటిస్ వలె, పిత్తాశయపు వాపు వలె కనిపించి శస్త్రచికిత్సల బల్లపైకి చేరిన ఉదంతాలను అక్కడి వైద్యులే నిజాయితీగా ప్రకటించినారు. మన దేశంలోని వైద్యులు కూడ ఇటువంటి అనుభవాలు వ్రాసియున్నారు. ప్లేట్‌లెట్లు పడిపోయి, రక్తం గడ్డకట్టే శక్తి తగ్గి, నాళాలు ఊరుతున్న శరీరంపై కత్తి పెట్టుట ఎంత అపాయమో వేరుగా చెప్పనక్కరలేదు.

రెండింటినీ వేరుచేసే ఆధారం చాలవరకు ఖర్చులేనిది. అది రోగకథ యొక్క క్రమం. అపెండిసైటిస్‌లో సాధారణంగా మొదట నొప్పి వస్తుంది. నాభి చుట్టూ మొదలై కుడివైపు క్రిందికి జరుగుతుంది. ఆ తరువాత వాంతి, చివరకు జ్వరం. డెంగీలో మొదట నాలుగైదు దినాల జ్వరం, కండ్ల వెనుక నొప్పి, ఒళ్ళునొప్పులు. జ్వరం దిగుతుండగా కడుపునొప్పి. రక్తపరీక్షలో అపెండిసైటిస్‌కు తెల్లకణాలు పెరుగుతవి; డెంగీకి తెల్లకణాలూ ప్లేట్‌లెట్లూ రెండూ తగ్గుతవి. కనుక ‘నొప్పి ముందా, జ్వరం ముందా’ అని ఆ తండ్రిని ఎవరైనా అడిగితే, లేక ఎవరూ అడుగకున్నను ఆ తండ్రియే ‘అయ్యా, మంగళవారం నుండి జ్వరం’ అని నోరు తెరచి చెప్పితే, కథ మారిపోవచ్చును. మన కళాశాల విద్యార్థులలో చాలమంది తమ ఇంటిలో మొదటిసారి చదువుకొన్నవారు. ఇంటిలో జబ్బుచేసినప్పుడు ఆసుపత్రికి వెంటపోయేది, చీటీలు చదివేది, సమాధానాలు చెప్పేది వారే. తేదీలు వ్రాసిన ఒక కాగితం వెంట తీసుకొనిపోవుట వారు చేయగలిగిన పని. అయితే డెంగీ ఉన్నవానికి నిజమైన అపెండిసైటిస్ రానేరాదని చెప్పుటకు వీలులేదు. నిర్ణయం వైద్యునిదే, సమాచారం మాత్రం మనది.

వ్యాధి నిర్ధారణకు మొదటి ఐదు దినాలలో ఎన్.ఎస్.1 పరీక్ష, ఆ తరువాత ఐ.జి.ఎం. ఎలీసా పరీక్ష ఉపయోగపడతవి. ఎలీసా పరీక్షకు కావలసిన సామగ్రిని పూనాలోని జాతీయ వైరాలజీ సంస్థ తయారుచేసి ఎంపికచేసిన ప్రభుత్వ ఆసుపత్రులకు పంపుతున్నది. పరీక్ష ఫలితం వచ్చువరకు చికిత్స ఆపవలసిన అవసరం లేదు.

చికిత్స అనగానే అద్భుతమైన మందు ఏదో ఉన్నదని భ్రమపడరాదు. డెంగీ వైరస్‌ను చంపే మందు వైద్యుల చేతిలో ఇంకా లేదు. ఉన్నది నీరు, ఉప్పు, కనిపెట్టియుండే కన్ను. ఈ మూడింటితోనే తీవ్రమైన డెంగీలో నూటికి ఇరువదికి మించగలిగిన మరణాలను ఒకటికంటె తక్కువకు దించవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. త్రాగగలిగిన బిడ్డకు ఓ.ఆర్.ఎస్., మజ్జిగ, గంజి, పలుచని రాగి అంబలి, కొబ్బరినీరు కొద్దికొద్దిగా మాటిమాటికి ఇవ్వవలెను. త్రాగలేని బిడ్డకు, షాక్‌లోనికి జారుతున్న బిడ్డకు సిరద్వారా సెలైను. 2005లో వియత్నాంలోని హోచిమిన్ నగరంలో 383 మంది పిల్లలపై జరిగిన పరిశోధనలో, మధ్యస్థమైన షాక్‌కు ఖరీదైన ద్రవాలకంటె సాధారణమైన రింగర్ లాక్టేట్ ఏమీ తీసిపోదని తేలినది. పేదవానికి ఇంతకంటె మంచి వార్త వైద్యశాస్త్రంలో అరుదు.

అయితే ‘ఒక సీసా గ్లూకోజు ఎక్కిస్తే బలం’ అనే మన గ్రామాల నమ్మకానికి ఇక్కడ చోటులేదు. వట్టి గ్లూకోజు నీరు రక్తనాళాలలో నిలువదు. తగిన సెలైను కూడ బరువును బట్టి, నాడిని, మూత్రాన్ని, హిమాటోక్రిట్‌ను చూస్తూ గంటగంటకు లెక్కకట్టి ఎక్కించవలసినది. తక్కువైతే షాక్, ఎక్కువైతే ఆ నీరంతా ఊరుతున్న నాళాల ద్వారా పొట్టలోనికి, రొమ్ములోనికి చేరి, పొట్ట డోలువలె బిగిసి, ఊపిరి ఆడకుండా చేస్తుంది. ఊట ఆగిన తరువాత, అంటే 48 గంటలకు పిదప, బయటకు పోయిన ప్లాస్మా తిరిగి నాళాలలోనికి వస్తుంది. అప్పుడును సెలైను ఆపకపోతే గుండెకు, ఊపిరితిత్తులకు భారం. ఆకలి పుట్టుట, మూత్రం ధారాళంగా పోవుట, అరచేతులు దురదపెట్టుట, ఎర్రని ఒంటిపై తెల్లని మచ్చలు దీవులవలె తేలుట, ఇవి ప్లాస్మా తిరిగి వస్తున్నదనుటకు శుభసూచనలు.

జ్వరానికి పారాసిటమాల్ ఒక్కటే. కిలో బరువుకు 10 నుండి 15 మిల్లీగ్రాములు. మన ఇరువది కిలోల బాలునికి ఒక మోతాదుకు 200 నుండి 300 మిల్లీగ్రాములు. మోతాదుకూ మోతాదుకూ మధ్య ఆరు గంటలు. జ్వరం పూర్తిగా దిగలేదని గంటకొకసారి పోయరాదు. తడిగుడ్డతో ఒళ్ళు తుడువవచ్చును. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, మెఫెనామిక్ ఆమ్లం జ్వరాన్ని త్వరగా దించుతవి, అందుకే వాటికి అంత గిరాకీ. కాని జీర్ణాశయంలో రక్తస్రావాన్ని ప్రోత్సహిస్తవి. కండలోనికి వేసే సూదిమందులు వేసినచోటనే రక్తపు గడ్డలు కట్టించగలవు. బొప్పాయి ఆకు రసాన్ని గురించి అడుగని ఇల్లు లేదు. ప్లేట్‌లెట్లు దానితో కొంత పెరుగునని కొన్ని చిన్న పరిశోధనలు చెప్పినను, ఊటను అది ఆపినట్లు గాని, ప్రాణాలు నిలిపినట్లు గాని రుజువు లేదు. వాంతులతో ఉన్న బిడ్డ గొంతులో ఆ చేదును పోయుట నా దృష్టిలో హింస.

ప్లేట్‌లెట్లు ఎక్కించుటను గురించి మరొక్క మాట. కుటుంబాలు పొలం తాకట్టుపెట్టి, దాతల కొరకు పరుగులెత్తి తెచ్చే ఆ సంచులు చాలమందికి అవసరమే ఉండవు. సింగపూరు, మలేషియాలలో పెద్దవారిపై జరిపి 2017లో ప్రకటించిన ఒక పరిశోధనలో, రక్తస్రావం లేకుండానే ముందుజాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించుట వలన స్రావం తగ్గలేదు సరికదా ప్రతికూల లక్షణాలు ఎక్కువగా కనిపించినవి. మన దేశపు మార్గదర్శకాలు కూడ రక్తస్రావం లేనిచోట సంఖ్య పదివేలకు దిగినప్పుడే దానిని ఆలోచింపవచ్చునని చెబుతున్నవి. లక్షన్నరకు తగ్గకుండా ఉండవలసినది నలుబదివేలైనదని కంగారుపడే తండ్రి, బిడ్డ ఉదయంనుండి మూత్రం పోయలేదనే సంగతిని గమనింపకపోవుటే అసలైన విషాదం.

అవును, మూత్రం. ఏ యంత్రమూ అక్కరలేని పరీక్ష ఇది. ఆరు గంటలకొకసారైనా మూత్రం పోనిచో రక్తనాళాలు ఎండుతున్నవని అర్థం. చేతులు, పాదాలు చల్లబడుట, గోటిని నొక్కి వదలితే రెండు సెకండ్లలో ఎరుపు తిరిగి రాకపోవుట, విపరీతమైన మగత లేక అంతులేని చిరాకు, ఆగని వాంతులు, ఆగని కడుపునొప్పి, చిగుళ్ళ, ముక్కు రక్తం, నల్లని విరేచనం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినను తెల్లవారనిమ్మని ఆగరాదు. పిల్లల శరీరం చివరివరకు రక్తపోటు పైఅంకెను నిలబెట్టుకొంటుంది; క్రిందిఅంకె పైకి జరుగుతూ రెండింటి మధ్య తేడా 20కి, అంతకంటె తక్కువకు కుదించుకొనిపోతుంది. ‘బి.పి. నూరు ఉన్నది, బాగున్నాడు’ అనుకొనునంతలో వాడు షాక్‌లో ఉంటాడు. వాడు స్పృహలోనే ఉండి, అడిగిన మాటకు జవాబు చెబుతూ ఉంటాడు కూడ. మనకు ప్రొద్దుటూరు దగ్గర. కడపలో 2006లో వెలసిన రిమ్స్ వైద్యకళాశాల ఆసుపత్రికి గంటకు అటూ ఇటూ ప్రయాణం. 108 వాహనానికి ఫోను చేయుటకు పైసా ఖర్చులేదు. దూరం మనకు సమస్య కాదు. ‘జ్వరం విడిచింది కదా’ అనే మాటయే సమస్య.

చివరగా ఈ రోగం మన వాకిటికి ఎట్లు వచ్చినదో చూడవలెను. తెలుగు శాసనాలలో అతి ప్రాచీనమైనదిగా పేరొందిన కలమళ్ళ శాసనం మన మండలంలోనిదే. రాతిపై అక్షరం చెక్కిన ఈ నేలలో నేటికీ రాయే జీవనాధారం. నాపరాయి పలకలు నిలిపి, అతుకులకు సిమెంటు పూసి కట్టిన నీళ్ళ తొట్టి లేని ఇల్లు మనకు అరుదు. కొళాయి ఎప్పుడు వచ్చునో తెలియని ఊరిలో నీరు నిలువచేసుకొనుట తప్పు కాదు, అవసరం. వానలు తక్కువైన సీమలో డెంగీ ఏమిటని ఆశ్చర్యపడేవారికి సమాధానం ఆ తొట్టిలోనే ఉన్నది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ మలేరియా క్రిమిని కనుగొన్న దోమ వేరు; అది రాత్రి కుట్టే దోమ. డెంగీని మోసే ఏడిస్ ఈజిప్టై కాళ్ళపై తెల్లని పట్టెలు గల పగటి దోమ. మురికి కాలువను అది అంతగా కోరదు. మనం త్రాగే, వాడుకొనే మంచినీరే దానికి ప్రసూతిగృహం. పరీక్షల హాలులో బల్లక్రింద చీలమండను కుట్టేది అదే కావచ్చును.

ఈ దోమ గ్రుడ్లను నీటిలో కాక, నీటి అంచుకు కొంచెం పైన తడిగోడకు అంటిస్తుంది. ఎండిన తొట్టిలో ఆ గ్రుడ్లు నెలల తరబడి బతికి, మరల నీరు తగిలిన దినాన పొదుగుతవి. కాబట్టి తొట్టిని వట్టిగా ఖాళీచేయుట చాలదు. కొబ్బరిపీచుతో, ఇటుకపొడితో గోడలను, ముఖ్యంగా పలకల అతుకులను గట్టిగా రుద్ది, ఎండనిచ్చి, తరువాత నింపి మూతవేయవలెను. గ్రుడ్డు దోమయగుటకు వారం పదిదినాలు పడుతుంది గనుక వారానికొక్కసారి ఈ పని జరిగితే చాలును. ప్రభుత్వం ఇందుకు శుక్రవారాన్ని ‘డ్రై డే’గా ప్రచారంచేయుట మన ఇళ్ళకు బాగా కలిసివచ్చినది. జుమా నమాజుకు ఇల్లువాకిలి శుభ్రం చేసుకొనే దినం అదే. హిందువుల ఇండ్లలో గడపకు పసుపు పూసే దినమూ అదే. కొన్ని మసీదులలో వజూ హౌజులో చేపలను పెంచే పాత అలవాటు ఉన్నది. ఆ చేపలు తోకపురుగులను మిగులనీయవు. పెద్దలు ఏ ఉద్దేశంతో వదిలినారో గాని, కడుగుటకు వీలులేని పెద్ద తొట్లకు ఇప్పటి ఆరోగ్యశాఖవారు చెప్పే ఉపాయమూ గంబూసియా, గప్పీ చేపలే.

కళాశాల కమిటీవారికి ఒక విన్నపం. మన ఆవరణలో వెనుకవైపు పడియున్న పగిలిన పలకల గుట్ట, వసతిగృహం వద్ద మూతలేని రెండు తొట్లు, మేడపైన అడుగు తుప్పుపట్టిన డ్రమ్ము, వీటిని వచ్చే వానలకు ముందే చూడవలసియున్నది. జంతుశాస్త్ర విద్యార్థులు చేతిదీపం, తెల్లని గిన్నె పట్టుకొని శుక్రవారం పది నిమిషాలు తిరిగితే తోకపురుగులు ఎక్కడ ఉన్నవో లెక్కవ్రాసి ఇవ్వగలరు. మూతలకు కావలసిన నాపరాయి పలకలు మన ఊరిలో కొనబోతే దొరకని వస్తువు కాదు.